అబట్ ఎలిమెంటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సిరీస్ దేని గురించి?

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విల్లర్డ్ ఆర్. అబట్ అనే ఒక ప్రభుత్వ పాఠశాల ఉందని, అక్కడి టీచర్ల జీవితాన్ని ఒక డాక్యుమెంటరీ బృందం చిత్రిస్తోందని ఊహించి అల్లిన కామెడీ ఇది. ఆ బడిలో చదివేవారిలో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు. పాఠ్యపుస్తకాలు పాతబడిపోయాయి, కట్టడం మరమ్మతుకు వచ్చింది, కొత్తగా చేరిన టీచర్లు రెండేళ్లు తిరగకుండానే వెళ్లిపోతుంటారు. ఆ పరిస్థితిలోనూ ఉద్యోగాన్ని వదలకుండా నిలబడిన అయిదారుగురి కథ ఇది. మొదటి ఎపిసోడ్ 2021 డిసెంబర్ 7న ఏబీసీ చానల్‌లో ప్రసారమైంది. ఒక్కో ఎపిసోడ్ ఇరవై నిమిషాల పైచిలుకు ఉంటుంది.

పాత్రలు మధ్యమధ్యలో కెమెరా వైపు ఎందుకు చూస్తుంటాయి?

ఈ పద్ధతిని మాక్యుమెంటరీ అంటారు. చూస్తున్నది నిజమైన డాక్యుమెంటరీయే అన్న భ్రమ కలిగించి, పాత్రల చేత కెమెరాకు నేరుగా మాట్లాడిస్తారు. నిధులు లేని, సరైన నిర్వహణ లేని ప్రభుత్వ బడుల మీద సినిమా తీయడానికి వచ్చిన బృందం అది, కథలోనే ఆ సంగతి చెబుతారు. అంటే ఈ బడి ఎలా చెడిపోయిందో చూపించడానికి వచ్చినవాళ్ల కళ్లతోనే మనమూ లోపలికి అడుగుపెడతాము. ఆ కెమెరా ఎదుట పరువు కాపాడుకోవాలని టీచర్లు పడే తంటా నుంచే సగం హాస్యం పుడుతుంది. ఎక్కువ ఎపిసోడ్లకు దర్శకత్వం వహించినవారిలో ఒకరైన రాండల్ ఐన్‌హార్న్ ఇదే పద్ధతిలో వచ్చిన 'ది ఆఫీస్' అనే కామెడీ సిరీస్‌కు ఛాయాగ్రాహకుడిగానూ, దర్శకుడిగానూ పనిచేశారు. ఒక పాత్ర నోట మాట రాకపోయినా, కెమెరా అర సెకను ఆలస్యంగా అటు తిరగడంతోనే నవ్వు పుట్టించడం ఆ అనుభవం నేర్పిన విద్యే.

ముఖ్యమైన పాత్రలు ఎవరెవరు?

జనీన్ టీగ్స్ రెండో తరగతి టీచరు. ఉత్సాహం ఎక్కువ, అనుభవం తక్కువ, అడగకపోయినా సాయం చేసే స్వభావం. ఆ పాత్రను సిరీస్ సృష్టికర్త క్వింటా బ్రన్సన్ స్వయంగా పోషించారు. కిండర్‌గార్టెన్ పిల్లలకు చెప్పే బార్బరా హోవర్డ్ (షెరిల్ లీ రాల్ఫ్) దైవభక్తి, క్రమశిక్షణ గల సీనియర్ టీచరు. జనీన్‌కు ఆమె గురువు, తల్లి లాంటిది కూడా, అయితే ఆ రెండో సంగతిని బార్బరా అంత సులువుగా ఒప్పుకోదు. మెలిస్సా షెమెంటి (లీసా ఆన్ వాల్టర్) ఇటాలియన్ మూలాలున్న దక్షిణ ఫిలడెల్ఫియా మనిషి. ఏ వస్తువు కావాలన్నా 'నాకు తెలిసినవాడొకడున్నాడు' అని ఎక్కడినుంచో తెప్పిస్తుంది, ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం అడగకూడదు. జేకబ్ హిల్ (క్రిస్ పెర్ఫెటీ) చరిత్ర టీచరు, తన ఆదర్శాల గురించి అవసరానికి మించి మాట్లాడే తెల్లజాతి యువకుడు. గ్రెగరీ ఎడ్డీ (టైలర్ జేమ్స్ విలియమ్స్) ఒక టీచరు ఉద్యోగం పోవడంతో తాత్కాలికంగా వచ్చి, క్రమంగా అక్కడే స్థిరపడతాడు. ప్రిన్సిపాల్ ఏవా కోల్‌మన్ (జనెల్ జేమ్స్) గురించి విడిగా చెప్పుకోవాలి. వీళ్లందరి మధ్య చీపురు పట్టుకుని తిరుగుతూ వింత సిద్ధాంతాలు చెప్పే పారిశుద్ధ్య ఉద్యోగి మిస్టర్ జాన్సన్ (విలియం స్టాన్‌ఫర్డ్ డేవిస్) ఉంటాడు. చాలా సందర్భాల్లో అందరికంటే ముందు అసలు సంగతి గ్రహించేది ఆయనే.

ఇది 'పనికిరాని టీచర్ల' మీద కామెడీ అని విన్నాను. నిజమేనా?

ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. దీనికి జవాబు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సిరీస్ బలమంతా ఇక్కడే ఉంది.

వీళ్లలో లోపం లేనివాళ్లు ఎవరూ లేరు. జనీన్ తన పరిధి దాటి ప్రతిదాంట్లోనూ తలదూరుస్తుంది. బార్బరా తనకు తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోలేదు. మెలిస్సా అడ్డదారులు తొక్కుతుంది. జేకబ్‌కు ఎదుటివాళ్లు తన మాట వింటున్నారో లేదో పట్టదు. గ్రెగరీ మొదట్లో చిన్నపిల్లలను కంపెనీ ఉద్యోగులను చూసినట్టు చూస్తాడు. అయితే ఈ లోపాలు వాళ్లకు ఎక్కడినుంచి వచ్చాయో కథ మొదటి ఎపిసోడ్ నుంచే చూపిస్తూ పోతుంది.

ఆ మొదటి ఎపిసోడ్‌నే తీసుకోండి. జనీన్ తరగతిలో ఒక పిల్లవాడు తివాచీ మీద మూత్రం పోస్తాడు. తివాచీ పాడైపోతుంది. పెద్దవాళ్లకు అది చిన్న విషయంగానే కనిపించవచ్చు. కానీ ఆ పిల్లలు మెత్తగా కూర్చునేది, కాసేపు నడుం వాల్చి కుదుటపడేది దాని మీదే. తరగతిలో ప్రశాంతత ఆ తివాచీతోనే పోతుంది. జనీన్ కొత్తది కావాలని ప్రిన్సిపాల్‌ను అడుగుతుంది. డబ్బు రానే వస్తుంది, ఏవా ఆ డబ్బుతో తన బొమ్మ కనిపించేలా బడి ముందు కొత్త బోర్డు పెట్టిస్తుంది. పై అధికారికి జనీన్ పంపిన ఫిర్యాదు తిరిగి ఏవా దగ్గరికే చేరుతుంది. చివరికి తివాచీలు మెలిస్సా 'తెలిసినవాడి' పుణ్యాన వస్తాయి. న్యాయమైన దారులన్నీ మూసుకుపోయాక అడ్డదారే మిగులుతుందని ఆ ఇరవై నిమిషాల్లో మనకు అర్థమవుతుంది. మెలిస్సా అలా ఎందుకు తయారైందో ఎవరూ నోరు విప్పి చెప్పనవసరం లేదు.

రెండో ఎపిసోడ్‌లో నడవలో ఒక దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాన్ని బాగుచేయమని ఎవరిని అడిగినా పని జరగదు. జనీన్ తానే పూనుకుంటుంది, ఫలితంగా బడి మొత్తానికి కరెంటు పోతుంది. ఆ సన్నివేశానికి నేను నవ్వాను, కానీ ఆ తర్వాత బార్బరా ఆమెతో మాట్లాడే తీరు చాలాకాలం గుర్తుండిపోయింది. బార్బరాకు పిల్లల మీద ప్రేమ తక్కువై ఆ దీపాన్ని పట్టించుకోకుండా వదిలేయలేదు. ప్రతి దీపం వెంట పరుగెత్తితే మనిషి అలసి పడిపోతాడని, పడిపోయిన టీచరు ఏ పిల్లకూ ఉపయోగపడదని ఆమెకు దశాబ్దాల అనుభవం నేర్పింది. పైకి ఉదాసీనంగా కనిపించేది ఆ బడిలో మనిషి తనను తాను కాపాడుకునే పద్ధతి.

కాబట్టి, అవును, ఇది గాడి తప్పిన టీచర్ల కథే. అయితే గాడి తప్పింది ముందు బడి, ఆ బడికి డబ్బు ఇచ్చే పద్ధతి. ఆ వరస మరచిపోకుండా రాశారు కాబట్టే ఇందులోని నవ్వు ఎవరినీ కించపరచదు.

ప్రిన్సిపాల్ ఏవా అంత బాధ్యత లేకుండా ఉన్నా ఉద్యోగం ఎలా నిలుస్తోంది?

ఆమెకు ఆ కుర్చీ అర్హతతో దక్కలేదు. నగరంలోని ప్రభుత్వ బడులన్నిటికీ పై అధికారి అయిన సూపరింటెండెంట్ తన భార్యను మోసం చేస్తున్న సంగతి తెలిసి, దాన్ని అడ్డం పెట్టుకుని ఆ పదవి సంపాదించింది. ఆ ఉద్యోగం నిజానికి గ్రెగరీకి రావలసింది. మొదటి సీజన్‌లో ఆమె కేవలం నవ్వించడానికే ఉందనిపిస్తుంది: పని వేళల్లో వ్యాపారాలు, సోషల్ మీడియా, సిబ్బంది మీద ఎడాపెడా వ్యాఖ్యలు.

అయితే రచయితలు ఆమెను అక్కడే వదిలేయలేదు. పిల్లల ఇళ్ల పరిస్థితి, ఏ తల్లికి ఏ ఇబ్బంది ఉందో, వీధిలో ఎవరు ఎవరో ఏవాకు తెలిసినంతగా మరే టీచరుకూ తెలియదని కొద్దికొద్దిగా బయటపడుతుంది. నాలుగో సీజన్‌లో ఆమె ఉద్యోగానికే ముప్పు వస్తుంది. ఇంకా చూడనివాళ్లు ఈ పేరాలో మిగిలిన భాగం వదిలేయవచ్చు. బడి పక్కన గోల్ఫ్ మైదానం కడుతున్నవాళ్ల నుంచి బడి అవసరాల కోసం తీసుకున్న ప్రయోజనాలు బయటపడినప్పుడు, నిందను ఏవా తన మీద వేసుకుని పదవి పోగొట్టుకుంటుంది. గ్రెగరీ కొంతకాలం ఆ కుర్చీలో కూర్చుంటాడు, ఆ తర్వాత ఆమె తిరిగి వస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో తివాచీ డబ్బుతో బోర్డు పెట్టించుకున్న మనిషి ఇంత దూరం రావడం నాకు ఈ సిరీస్ మొత్తంలో బాగా నచ్చిన రచన. ఆమెను మంచిదాన్ని చేయాలని మార్చలేదు, ఆమెలో ముందునుంచీ ఉన్నదాన్నే బయటికి తీశారు.

దీన్ని ఎవరు సృష్టించారు? అబట్ అనే బడి నిజంగా ఉందా?

సృష్టికర్త క్వింటా బ్రన్సన్ పశ్చిమ ఫిలడెల్ఫియాలో పెరిగారు. ఇంటర్నెట్‌లో చిన్న చిన్న హాస్య వీడియోలతో, ఆ తర్వాత బజ్‌ఫీడ్ సంస్థ వీడియోలతో పేరు తెచ్చుకున్నారు. ఆమె తల్లి ఫిలడెల్ఫియా ప్రభుత్వ బడుల్లో దశాబ్దాల పాటు కిండర్‌గార్టెన్ టీచరుగా పనిచేశారు. ఒకసారి తల్లిదండ్రులు బడికి వచ్చి టీచర్లను కలిసే రోజున బ్రన్సన్ తన తల్లితో పాటు అక్కడే ఉన్నారట. పొద్దుపోయేదాకా ఎవరూ రాలేదు. ఇక వెళ్లిపోదామనుకుంటున్న వేళకు ఒక తల్లి వచ్చింది. అప్పటిదాకా అలసి ఉన్న ఆ టీచరు, అప్పుడే రోజు మొదలైనట్టుగా ఆమెతో మాట్లాడారు. ఈ సిరీస్ ఆలోచన ఆ సాయంత్రమే పుట్టిందని బ్రన్సన్ చెప్పారు. మొదటి సీజన్‌లో అలాంటి రోజు మీద ఒక ఎపిసోడ్ ఉంది. ఈ నేపథ్యం తెలిసి చూస్తే అది మరింత హత్తుకుంటుంది.

బడి మాత్రం కల్పితం. దానికి పెట్టిన పేరు బ్రన్సన్‌కు ఆరో తరగతిలో పాఠాలు చెప్పిన టీచరు ఇంటిపేరు. చిత్రీకరణ ఎక్కువగా కాలిఫోర్నియాలోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో జరుగుతుంది. జస్టిన్ హాల్పర్న్, ప్యాట్రిక్ షూమాకర్ బ్రన్సన్‌తో కలిసి నిర్మాణ బాధ్యతలు చూస్తున్నారు.

ఫిలడెల్ఫియా బడులకు నిజంగానే అంత డబ్బు కొరత ఉందా?

ఉంది, దానికి స్పష్టమైన కారణాలూ ఉన్నాయి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువగా ఉన్న శివారు ప్రాంతం తక్కువ శాతం పన్నుతోనే మంచి బడి నడుపుకోగలదు, పేదలు ఎక్కువగా ఉన్న చోట ఎక్కువ శాతం పన్ను వేసినా అంత డబ్బు రాదు. ఫిలడెల్ఫియా విద్యాబోర్డుకు సొంతంగా పన్ను వేసే అధికారం లేదు, అది నగరం మీద, రాష్ట్రం మీద ఆధారపడాలి. 2001లో ఈ నగరపు బడులను రాష్ట్రం తన ఆధీనంలోకి తీసుకుంది, 2018లో గాని అవి తిరిగి స్థానిక పాలనలోకి రాలేదు. 2013లో ఒకేసారి ఇరవైకి పైగా బడులు మూతపడ్డాయి. ఆరోగ్యానికి హాని చేసే ఆస్‌బెస్టాస్ బయటపడి తరగతులు ఆపవలసి వచ్చిన పాత కట్టడాలూ ఉన్నాయి.

2023 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా రాష్ట్ర న్యాయస్థానాల్లో ఒకటైన కామన్వెల్త్ కోర్టు దాదాపు 800 పేజీల తీర్పు ఇస్తూ, బడులకు నిధులు పంచే ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికే విరుద్ధమని తేల్చింది. సిరీస్‌లో అప్పటికి రెండో సీజన్ నడుస్తోంది. జనీన్ దీపం కోసం, తివాచీ కోసం పడిన పాట్లు అతిశయోక్తి అనుకునేవాళ్లు ఈ తీర్పును గుర్తుచేసుకోవాలి.

సొంత జేబులోంచి చాక్‌పీసులు, కాగితాలు, పెన్సిళ్లు కొనడం అమెరికా టీచర్లకు అంత మామూలు కాబట్టే, ఆ ఖర్చుకు కేంద్ర ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా ఉంది. చాలాకాలం అది ఏటా 250 డాలర్లే, 2022 పన్ను సంవత్సరం నుంచి 300 చేశారు. ఒక ఉద్యోగి తన పని చేయడానికి తానే సరుకు కొనుక్కోవడాన్ని పన్ను చట్టమే గుర్తించింది. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. ఈ సిరీస్ ప్రచారానికి కేటాయించిన డబ్బులో కొంత భాగాన్ని టీచర్లకు సామగ్రి కొనడానికి మళ్లించేలా బ్రన్సన్ చానల్‌ను ఒప్పించారు.

రెండో సీజన్‌లో వచ్చే చార్టర్ స్కూల్ గొడవ ఏమిటి?

చార్టర్ స్కూల్ అంటే ప్రజాధనంతో నడుస్తూ, ప్రైవేటు నిర్వహణలో ఉండే బడి. పెన్సిల్వేనియాలో 1997లో చేసిన చట్టంతో ఇవి మొదలయ్యాయి. ఒక పిల్లవాడు చార్టర్‌కు మారితే అతని మీద పెట్టే డబ్బూ అటే వెళ్తుంది, కట్టడం మరమ్మతు ఖర్చు మాత్రం పాత బడికి తగ్గదు. సిరీస్‌లో 'లెజెండరీ' అనే కల్పిత చార్టర్ సంస్థ అబట్‌ను తనలో కలుపుకోవాలని చూస్తుంది. కొత్త బల్లలు, కొత్త కంప్యూటర్లు వస్తాయంటే తల్లిదండ్రులు ఆశపడటం తప్పేమీ కాదని కథ ఒప్పుకుంటుంది. కానీ మార్కులు తగ్గే పిల్లలను నెమ్మదిగా బయటికి పంపేస్తే ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నను వదలదు. ఒక కామెడీ ఇంత సున్నితమైన విధాన చర్చను ఇరుపక్షాల మాటా వినిపిస్తూ అన్ని ఎపిసోడ్ల పాటు నడపడం అరుదు.

పిల్లల పేదరికం మీద నవ్విస్తారా?

లేదు. ఈ విషయంలో రచయితలు పాటించిన నియమం గమనించదగ్గది. మొదటి సీజన్‌లో టీచర్లు తమకు కావలసిన వస్తువుల జాబితాను వీడియోలుగా పెట్టి విరాళాలు అడుగుతారు. ఏవా ఆ విద్యలో ఆరితేరిన మనిషి కాబట్టి సాయం చేస్తుంది. బార్బరా వద్దంటుంది. అయినా ఆమెకు తెలియకుండా ఆమె తరగతి కోసం కూడా ఒక వీడియో చేస్తారు, వస్తువులు కుప్పలుగా వస్తాయి. బార్బరా సంతోషించదు. ఉన్నవాటితోనే తాము నిండుగా ఉన్నామని తన పిల్లలు నమ్మేలా ఆమె తరగతిని తీర్చిదిద్దుకుంది. జాలి వీడియో పుణ్యమా అని, తమకు ఏదో లేదన్న సంగతి ఆ పిల్లలకు మొదటిసారి తెలిసింది. ఎవరి తప్పూ లేదు, అందరూ మంచి మనసుతోనే చేశారు, అయినా ఏదో పోయింది. సాయం చేసే చేతికి కూడా బరువు ఉంటుందని ఇంత సూక్ష్మంగా చెప్పిన సన్నివేశాన్ని నేను టీవీలో ఎక్కువగా చూడలేదు.

పిల్లలు జోకులు వేస్తారు, పెద్దవాళ్లను ఏడిపిస్తారు, ఒక్క మాటతో జేకబ్ గాలి తీసేస్తారు. నవ్వించే అవకాశం వాళ్ల చేతిలోనే పెట్టారు.

కాల్పుల వంటి భయంకరమైన విషయాలను ఎందుకు చూపించరు?

2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీ పట్టణంలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో కాల్పులు జరిగాక, అలాంటి ఎపిసోడ్ రాయమని చాలామంది బ్రన్సన్‌ను కోరారు. ఆ కోరికలను ఆమె బహిరంగంగానే తప్పుపట్టి, ప్రజలు తమ శక్తిని ఎన్నుకున్న నాయకులను నిలదీయడానికి ఉపయోగించాలన్నారు. ఆమె చెప్పింది సబబేనని నా అభిప్రాయం. జనం దుఃఖాన్ని తీర్చే బాధ్యత ఒక అరగంట కామెడీ మీద పెట్టడం న్యాయం కాదు.

అవార్డులు ఏమైనా వచ్చాయా?

అమెరికా టీవీ రంగపు ముఖ్య పురస్కారాలైన ఎమ్మీల్లో 2022లో కామెడీ రచనకు బ్రన్సన్, సహాయ నటిగా షెరిల్ లీ రాల్ఫ్ గెలిచారు. ఆ విభాగంలో 1987 తర్వాత ఒక నల్లజాతి నటి గెలవడం అదే మొదలు. రాల్ఫ్ వేదిక ఎక్కి మాటలకు ముందు పాట అందుకున్నారు. 2023 జనవరిలో సినిమా, టీవీలకు ఇచ్చే గోల్డెన్ గ్లోబ్స్‌లో ఉత్తమ కామెడీ సిరీస్‌తో పాటు బ్రన్సన్‌కూ, టైలర్ జేమ్స్ విలియమ్స్‌కూ పురస్కారాలు దక్కాయి. 2024 జనవరిలో జరిగిన ఎమ్మీ వేడుకలో బ్రన్సన్ కామెడీలో ఉత్తమ నటి అయ్యారు.

చెడిపోయిన బడి మీద ఇంతకుముందు ఇలాంటి కామెడీలు రాలేదా?

వచ్చాయి. బ్రిటన్‌లో 1997లో బీబీసీ ప్రసారం చేసిన 'చాక్' అందులో ఒకటి. గాల్‌ఫాస్ట్ హై అనే కల్పిత బడిలో ఎరిక్ స్లాట్ అనే డిప్యూటీ హెడ్‌మాస్టరు తానే సృష్టించిన గందరగోళంలో తానే మునిగిపోతుంటాడు. డేవిడ్ బాంబర్ ఆ పాత్ర పోషించారు, కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరుగా నికోలా వాకర్ నటించారు. రచయిత స్టీవెన్ మోఫట్ అంతకుముందు స్వయంగా టీచరు. 'చాక్' రెండు సీజన్లూ ఆ ఏడాదే వచ్చి ముగిశాయి. అక్కడ హాస్యం పరుగుల మీద, ఒకదాని మీద ఒకటి పేరుకునే పొరపాట్ల మీద నడుస్తుంది, పిల్లలు దాదాపు వెనుక ఉండిపోతారు. అబట్‌లో టీచరు ఎంత తప్పు చేసినా మళ్లీ తరగతి గదిలోకి వెళ్లి పిల్లల ముఖాలు చూడాలి. నాకు ఈ రెండింటి మధ్య ముఖ్యమైన తేడా అదే.

ఇది మరీ తియ్యగా ఉంటుందని కొందరంటారు. మీ అభిప్రాయం?

కొంతవరకు ఒప్పుకుంటాను. ఎపిసోడ్ చివర్లో సమస్య సర్దుకుపోయే అలవాటు ఎక్కువే, జనీన్, గ్రెగరీల ప్రేమకథను రెండు సీజన్లకు పైగా సాగదీశారు కూడా. అయితే సర్దుకునేది ఆ రోజు సమస్య మాత్రమే. తివాచీ వస్తుంది, నిధులు రావు. మూడో సీజన్‌లో జనీన్ జిల్లా విద్యా కార్యాలయంలో పనిచేయడానికి వెళ్తుంది. అధికారం దగ్గరికి చేరితే బడిని బాగుచేయవచ్చని ఆమె ఆశ. అక్కడ మంచి మనుషులే ఉంటారు, మంచి ఆలోచనలూ ఉంటాయి, అవి అబట్ తరగతి గది దాకా వచ్చేసరికి ఎంత పలచబడతాయో ఆ సీజన్ ఓపికగా చూపిస్తుంది. దాన్ని తీపి అనలేము.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి సీజన్‌లో 13 ఎపిసోడ్లే ఉన్నాయి, వరుసగా చూడటమే మేలు. రెండో సీజన్‌లో 22, మూడో సీజన్ 2023 రచయితల, నటుల సమ్మెల వల్ల ఆలస్యమై 14తో సరిపెట్టుకుంది, నాలుగో సీజన్‌లో మళ్లీ 22. అయిదో సీజన్ 2025 అక్టోబర్‌లో మొదలైంది. అమెరికాలో ఏబీసీలో వచ్చిన మర్నాడు హులు అనే స్ట్రీమింగ్ వేదికలో దొరుకుతుంది.

ఒక్కటే చూసి నిర్ణయించుకుంటానంటే మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ చూడండి. బడికి కొత్త రీడింగ్ సాఫ్ట్‌వేర్ వస్తుంది, బార్బరాకు అది కొరుకుడు పడదు, అడగడానికి అభిమానం అడ్డొస్తుంది. తెర మీద ఆమె కిండర్‌గార్టెన్ పిల్లలు అసాధ్యమైన స్థాయిలో చదువుతున్నట్టు లెక్కలు కనిపిస్తాయి, ఏవా సంబరపడిపోతుంది. అందరి ముందూ నిజం ఒప్పుకోవలసిన క్షణంలో షెరిల్ లీ రాల్ఫ్ ముఖాన్ని గమనించండి.